గంటలో రావలసిన మనిషి

పోయిన వారం మా తెలుగు సంఘం కార్యదర్శి ఫోన్ చేసి అతను పోయాడని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. "ఆంటీ, సంతాప సభలో చదవడానికి మీరు నాలుగు మాటలు రాసివ్వాలి. పెద్ద పెద్ద జెట్లు నడిపిన కెప్టెన్ కదా, మన పిల్లలకి ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది," అన్నాడు.

"జెట్లు కాదు. నేనెరిగినంతలో అతను నడిపింది పందొమ్మిది సీట్ల ప్రొపెల్లర్ విమానం. కెప్టెన్ కూడా కాదు. కుడివైపు సీట్లో కూర్చునే ఫస్ట్ ఆఫీసర్," అన్నాను.

"అంత డీటెయిల్ ఎవరడుగుతారాంటీ!"

నేనడుగుతాను. అందుకే సభకి రాసివ్వలేదు, ఇక్కడ రాస్తున్నాను. 1981 చివరి నుంచి 1984 వసంతం దాకా నేను చూసింది, ఆ తర్వాత వచ్చిన ఒక్క ఫోను, అంతే. పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియవు. పైలట్ ఎందుకయ్యావని ఎవరైనా అడిగితే అడిగినప్పుడల్లా ఒక కొత్త కారణం చెప్పేవాడు. పేరు కూడా రాయను. తన పేరు ఎవరైనా గట్టిగా పిలిస్తే అతనికి గిట్టేది కాదు. "నా పేరు వినబడిందంటే బూట్లు వేసుకోవాలి అక్కయ్యా," అనేవాడు.

అప్పుడు మేం ఇల్లినాయ్‌లో, అరోరాలో ఉండేవాళ్ళం. పిల్లలిద్దరూ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక నేనొక చిన్న విమాన కంపెనీలో చేరాను. షికాగో నుంచి అయోవా, విస్కాన్సిన్ వైపు చిన్న ఊళ్ళకి జనాన్ని చేరవేసే కంపెనీ. ప్రభుత్వం విమానాల మీద పట్టు సడలించాక అలాంటివి చాలా పుట్టుకొచ్చాయి. ఏ విమానం ఎవరు నడపాలో చూడటం నా పని. పెళ్ళికి ముందు గుంటూరులో కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని కనక గంటలు కూడటం, తీసెయ్యడం నాకు కష్టంగా ఉండేది కాదు.

ఆ పని గురించి కొంత చెప్పకపోతే అతను అర్థం కాడు. వచ్చే నెల ఏ రోజు ఏ ఊరికి వెళ్ళాలో, ఏ రోజు సెలవో ముందే రాసి ఉంచిన పట్టికని లైన్ అంటారు. నెలకి ఇన్ని లైన్లని కంపెనీ తయారు చేస్తుంది. పైలట్లు సర్వీసు వరసలో ఒకరి తర్వాత ఒకరు వాటిని ఎంచుకుంటారు. లైన్లు అయిపోయాక మిగిలిన వాళ్ళు రిజర్వు. రిజర్వు పైలట్‌కి పట్టిక ఉండదు. ఎవరికో జ్వరం వస్తుంది, ఎవరి కారో మంచులో దిగబడుతుంది, అప్పుడు ఫోన్ వస్తుంది. వచ్చిన గంటలో ఎయిర్‌పోర్టులో ఉండాలి. పిలవని రోజున ఇంట్లో ఫోను పక్కన ఎదురుచూస్తూ ఉండాలి. ఎగరడానికి ముందు పది గంటల విశ్రాంతి ఉండాలని రూలు. విశ్రాంతి అంటే ఏమిటో మా కంపెనీ తనకి కావలసినట్టు చెప్పుకునేది. ఫోను పక్కన ఎదురుచూడటాన్ని కూడా విశ్రాంతి కింద లెక్క కట్టేది.

అప్పటికి మా కంపెనీ ఫస్ట్ ఆఫీసర్ల వరసలో అతను ఆఖరివాడు. 

నేను చేరిన కొత్తలో ఒకరోజు పొద్దున అతనికి ఫోన్ చెయ్యవలసి వచ్చింది. ఆఫీసులో అందరూ అతన్ని ఇంటిపేరు మొదటి అక్షరంతో పిలిచేవారు. నేను ఇంటిపేరూ పేరూ పూర్తిగా పలికాను.

"ఎవరండీ?" అన్నాడు తెలుగులో, చిన్న గొంతుతో.

"స్కెడ్యూలింగ్."

"స్కెడ్యూలింగ్‌లో తెలుగువాళ్ళెవరండీ?"

"నేను. ఏడున్నరకి రిపోర్ట్ చెయ్యాలి. డుబ్యూక్ విమానం."

"మీదే ఊరండీ?"

"డ్యూటీ అయ్యాక చెబుతాను. ఏడున్నర."

ఆ ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చాడు. సన్నటి మనిషి, ముప్ఫై దాటి ఉంటాయి, భుజాలు కాస్త ముందుకి వంగి, పరుగు మొదలుపెట్టబోయేవాడిలా ఉన్నాడు. గుమ్మంలో నమస్కారం పెట్టి మొదట అడిగిన మాట, "ఫోను ఎక్కడుందండీ?" వంటింట్లో గోడకి ఉందన్నాను. వెళ్ళి రిసీవర్ ఎత్తి, టోన్ వస్తుందో లేదో విని, ఆఫీసుకి మా నంబరు ఇచ్చి, అప్పుడు చేతులు కడుక్కున్నాడు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు గాని వీపు ఆనించలేదు. రెండు ముద్దలు తిని లేచి, మిగతాది వంటింటి గట్టు దగ్గర నిలబడి తిన్నాడు.

"అదేమిటోయ్ పైలట్, మా ఇంట్లో కుర్చీలు బాగోలేవా?" అన్నారు మావారు.

"బాగానే ఉన్నాయి బావగారూ. మరీ బాగున్నాయి. కూర్చుంటే లేవబుద్ధి కాదు."

నన్ను అక్కయ్య అన్నాక మావారు బావగారు అయిపోయారు. ఆ వరసలు అతనే కలుపుకున్నాడు, మేం అడగలేదు.

ఎక్కడికి వెళ్ళినా ఆ నంబరు ఆఫీసుకి చెప్పడం రిజర్వు వాళ్ళందరి పనీ. చాలామంది ఇంట్లోనే పడి ఉండేవారు. ఇతను ఉండలేకపోయేవాడు. అతని నాలుగు గోడల అపార్ట్‌మెంటు అతన్ని బయటికి తరిమేది. బట్టలుతికే షాపు, లైబ్రరీ, బౌలింగ్ ఆడే చోటు, కిరాణా షాపు, ప్రతి చోటి నుంచీ ఫోన్ చేసేవాడు. "ఇంకో అరగంట ఇక్కడుంటాను అక్కయ్యా, తర్వాత ఇంకో నంబరు చెబుతాను." నేను దాన్ని బోర్డు మీద సుద్దతో రాసేదాన్ని, పాతది తుడిచేదాన్ని. ఫోటో ఫిల్ము వచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బీలో నాణేలు పోసుకుని తిరిగేవాడు. మా చుట్టుపక్కల ఏ పెట్రోలు బంకు దగ్గర ఫోను పనిచేస్తుందో, ఏది డబ్బులు మింగి ఊరుకుంటుందో అతనికి తెలిసినట్టు ఫోన్ కంపెనీకి కూడా తెలిసి ఉండదు.

రోజుకి ఒకసారైనా అడిగేవాడు: "ఇవాళ పిలుస్తారా అక్కయ్యా?"

"నాకెలా తెలుసు? ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోవాలి."

"ఎవరికి వచ్చేలా ఉంది?"

"సిగ్గులేదూ అలా అడగడానికి?"

"నిన్న ఆ పొడుగాయన బాగా దగ్గుతున్నాడు. అందుకని అడిగాను."

పిలిస్తే విసుగు, పిలవకపోతే కంగారు. ఎగరడమంటే ఇష్టమే, కాని ఆ ఎదురుచూపు అతని ఒంట్లోకి పాకిపోయింది. సెలవు రోజున కూడా కారుని వీధి వైపు ముఖం పెట్టి నిలిపేవాడు. స్నానానికి వెళ్ళేముందు పక్క అపార్ట్‌మెంటు ముసలమ్మకి, "నా ఫోను మోగితే తలుపు కొట్టండి," అని చెప్పి వెళ్ళేవాడు. అతను మా ఇంటికి వచ్చి వెళ్ళాక నాకూ కాసేపు కుదురు ఉండేది కాదు. గిన్నెలు కడుగుతూ గోడ మీది ఫోనుకేసి చూసేదాన్ని.

ఒక శనివారం మావారు ఇండియాకి కాల్ బుక్ చేశారు. అప్పుడు నేరుగా చెయ్యడం కుదిరేది కాదు. ఆపరేటర్ ఎప్పుడు కలిపితే అప్పుడు ఆమే తిరిగి ఫోన్ చేసేది, అందాకా కూర్చోవాలి. మా మరిది కొత్త ఉద్యోగం విషయం. అదే రోజు ఇతను రిజర్వులో ఉండి మా ఇంట్లో ఉన్నాడు. ఇద్దరు మగవాళ్ళు ఒక ఫోనుకి చెరోవైపు.

"ఏమోయ్, మీ ఆఫీసు వాళ్ళు చేశారంటే గబుక్కున పెట్టెయ్యాలి. నా కాల్ పోతుంది."

"బావగారూ, మీరు మీ తమ్ముడితో మాట్లాడుతుంటే మా వాళ్ళకి ఎంగేజ్ వస్తుంది. నా ఉద్యోగం పోతుంది."

"నీ ఉద్యోగం ఇచ్చేది మా ఆవిడేగా!"

"ఇవాళ ఆవిడకి సెలవు. ఉంటే మాత్రం ఏం లాభం? ఆవిడ దగ్గర ఒక్క నిమిషం దయ దొరకదు."

ఫోను మోగింది. ఇద్దరూ ఒకేసారి చెయ్యి వేశారు. అవతల మా అబ్బాయి స్నేహితుడు, సైకిల్ తొక్కడానికి వస్తావా అని.

దయ సంగతి అతనన్నది నిజం. ఆఫీసులో నేను అతనికి ఏ మేలూ చెయ్యలేదు, అతనూ అడగలేదు. పైగా తెలుగువాడని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనుకుంటారేమోనని అతని గంటలు మిగతావాళ్ళ గంటలకంటే ఒకసారి ఎక్కువ సరిచూసేదాన్ని.

1983లో అతనికి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి తండ్రి డాక్టరు, మాకు తెలిసినవారు, మా ఊరికి దగ్గరలోనే పెద్ద ఇల్లు. అమ్మాయి ఇక్కడే పెరిగింది, ఫార్మసీ చదువుతోంది, ఇంకో ఏడాది ఉంది. అతని తరఫు పెద్దలుగా మేం వెళ్ళాం. అతని సెలవు రోజుకీ డాక్టరుగారి సెలవు రోజుకీ పొత్తు కుదరక, చివరికి అతను రిజర్వులో ఉన్న ఆదివారమే ఖాయమైంది. "ఆదివారం మధ్యాహ్నం ఎవరికి జబ్బు చేస్తుందిలే అక్కయ్యా," అన్నాడు. ఆ మాట అన్నవాడే వాళ్ళ గుమ్మంలో ఫోను ఎక్కడని అడిగాడు.

డాక్టరుగారు మర్యాదస్తులు. "పైలట్ ఎందుకవ్వాలనిపించింది బాబూ?" అని అడిగారు.

"కారు డ్రైవింగ్ టెస్టు తప్పానండి. ఇదైతే దారిలో ఎదురొచ్చేవాళ్ళు తక్కువ."

ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. నాకు అప్పుడే అనిపించింది ఈ సంబంధం కుదురుతుందని. కాఫీలు తెచ్చారు. అతను కప్పు అందుకుని ఒక గుక్క తాగాడో లేదో వంటింట్లో ఫోన్ మోగింది. అమ్మాయే తీసింది.

"ఇట్స్ ఫర్ యూ. ఎవరో మోలీన్ ఫ్లైట్ అంటున్నారు," అంది.

అతను అప్పటికే నిలబడి ఉన్నాడు. "క్షమించండి, వెళ్ళాలి."

"మళ్ళీ ఎప్పుడు వస్తారు?" అంది అమ్మాయి.

అతను ఏదో ఒకటి చెప్పవచ్చు. వచ్చే ఆదివారం అనవచ్చు. తలుపు పట్టుకుని ఆలోచించి, "నిజంగా తెలీదండీ," అన్నాడు.

అతను వెళ్ళాక డాక్టరుగారు మావారితో అన్నారు: "మేమూ ఆన్ కాల్ ఉంటామండీ. కాని ఎప్పుడు ఉంటామో నెల ముందు తెలుస్తుంది. అబ్బాయి మంచివాడు. లైన్ అంటున్నారే, అదేదో వచ్చాక చెప్పండి. అమ్మాయి చదువు కూడా అయిపోతుంది."

అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఉంది. "అతను కార్‌ని రివర్స్ చేసి పార్క్ చేశాడు ఆంటీ, చూశారా? ముందే తెలుసు వెళ్ళిపోతాడని," అంది. కోపంగా అనలేదు.

ఆ రోజు నుంచి అతనికి లైన్ అంటే ఉద్యోగంలో ఒక మెట్టు మాత్రమే కాదు. ప్రతి నెలా మూడో వారంలో లైన్ల పంపకం జరిగేది. ఆ రోజు ఫోన్ చేసి, "ఎంతవరకు వచ్చింది?" అనేవాడు. నా ముందు ఇంకా ఎంతమంది అని అర్థం. ఎవరో పెద్ద కంపెనీకి వెళ్ళిపోయేవారు, ఒక మెట్టు పైకి. శీతాకాలంలో ఊళ్ళు తగ్గించేవారు, లైన్లు తగ్గేవి, మళ్ళీ కిందికి. 1984 ఫిబ్రవరికి అతని ముందు ఒక్కడు మిగిలాడు. ఆ ఒక్కడూ మార్చి మొదట్లో పెద్ద కంపెనీలో చేరడానికి రాజీనామా కాయితం ఇచ్చేశాడు. ఆ తర్వాతి పంపకంలో ఆఖరి లైన్ ఇతనిది. నేను లెక్క కట్టి చూసి, అతను అడగకముందే చెప్పాను. ఆఫీసు విషయం నేను ముందుగా చెప్పడం అదే మొదటిసారి.

"డాక్టరుగారికి ఇప్పుడే చెప్పనా?" అన్నాడు.

"చేతికి వచ్చాక చెప్పు."

ఆ నెలలోనే అది జరిగింది. ఫ్లూ వచ్చి సగం మంది పైలట్లు మంచం పట్టారు. ఆ రోజు అతను తెల్లవారుజాము ఐదు నుంచి రిజర్వు. పొద్దున పిలిచారు, ఎయిర్‌పోర్టు గుమ్మం దాకా వచ్చాక మంచు వల్ల విమానం రద్దయింది, సంతకం పెట్టకముందే పంపేశారు. సంతకం పెట్టలేదు కనక అది డ్యూటీ కాదు. మధ్యాహ్నం ఇంకోసారి అలాగే. ఇంటికి వెళ్ళి ఫోను పక్కన కూర్చున్నాడు. నేను షిఫ్టుకి వచ్చేసరికి సాయంత్రం అయోవా విమానానికి మనిషి లేడు. వెళ్ళి, నాలుగు చోట్ల దిగి, తిరిగి వచ్చేసరికి అర్ధరాత్రవుతుంది. దారంతా మంచు. కాయితం మీద చూస్తే అతను పొద్దుటి నుంచీ విశ్రాంతిలో ఉన్నాడు.

నేను ఫోన్ చేశాను. ఇంగ్లీషులో చెప్పాను, ఐదున్నరకి రిపోర్ట్ చెయ్యాలని.

"చెయ్యలేను," అన్నాడు, ఇంగ్లీషులోనే.

మా ఆఫీసులో అలాంటప్పుడు రాయడానికి రెండే మాటలు ఉండేవి: జబ్బు, లేకపోతే నిరాకరణ. జబ్బయితే ఒక రోజు సిక్ లీవు పోతుంది, అంతే. నిరాకరణ అయితే విచారణ. నేను తెలుగులోకి మారాను.

"బాబూ, ఒంట్లో బాగోలేదని ఒక్క మాట అను. మిగతాది నేను రాసుకుంటాను."

"ఒంట్లో నిక్షేపంలా ఉంది అక్కయ్యా. నిద్ర లేదు. నాలుగింటి నుంచి మేలుకుని ఉన్నాను. రాత్రి దిగేటప్పుడు నాకు రన్‌వే ఒకటి కనబడుతుందో రెండు కనబడతాయో తెలీదు."

"అదే జబ్బనుకో."

"కాదు. నేను జబ్బంటే ఇది నా గొడవ అవుతుంది. రేపు ఇంకొకణ్ణి ఇలాగే తిప్పుతారు. పిలిచి పంపేసి, పిలిచి పంపేసి, రోజంతా రెస్టు అంటారు."

"వచ్చే నెల లైన్ నీది. గుర్తుందా?"

"గుర్తు లేకపోవడమేమిటి అక్కయ్యా? అదొక్కటే గుర్తుంది. రాసెయ్యండి."

నిరాకరణ అని రాశాను. విమానం ఆ రాత్రి వెళ్ళలేదు. ప్రయాణికుల్ని హోటల్లో పెట్టారు.

స్కెడ్యూలింగ్ ఫోనులో ప్రతి మాటా టేపు మీదికి ఎక్కుతుందని మా ఇద్దరికీ తెలుసు. అయినా తెలుగులో మాట్లాడుకుంటే అది మన ఇంట్లో మాటలా ఉంటుంది, టేపు గుర్తురాదు. రెండు రోజుల తర్వాత మా ఇద్దర్నీ చీఫ్ పైలట్ గదికి పిలిచారు. చీఫ్ పైలట్ తెల్లజుట్టు మనిషి, గొంతు పెద్దది చేసేవాడు కాదు. పక్కన మేనేజరు, బల్ల మీద టేపు రికార్డరు. మాటలన్నీ ఇంగ్లీషులో జరిగాయి.

మేనేజరు మొదట అతన్ని అడిగాడు: "మధ్యలో మీరిద్దరూ మీ భాషలో ఏం మాట్లాడుకున్నారు?"

"శనివారం వాళ్ళింట్లో భోజనం గురించి," అన్నాడు అతను, తడుముకోకుండా. "వస్తావా అని అడిగింది. నిద్ర లేదు, రాలేనన్నాను."

నేను అతనికేసి చూశాను. ఆ గదిలో ఇంకెవరికీ తెలుగు రాదు. తన కోసం ఒక్క రోజు జ్వరం నటించనివాడు, నా కోసం ఈ మాట అన్నాడు. పైలట్‌కి జబ్బు నటించమని చెప్పిన స్కెడ్యూలర్‌ని ఏం చేస్తారో అతనికి తెలుసు.

చీఫ్ పైలట్ నా వైపు తిరిగాడు. "అమ్మా, టేపు కొంచెం కొంచెం ఆపుతాను. ప్రతి వాక్యానికీ అర్థం చెప్పండి."

అతను కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. అలా ఆనుకోవడం అంతకుముందెప్పుడూ నేను చూడలేదు. నిశ్చింతగా ఉన్నవాడిలా ఆనుకుని, కళ్ళతో మాత్రం నన్ను బతిమాలాడు.

టేపు తిప్పారు. నా గొంతు వినబడింది. నేను అర్థం చెప్పాను, ఉన్నది ఉన్నట్టు. జబ్బని చెప్పమన్నానని చెప్పాను. అతను కాదన్నాడని చెప్పాను. రన్‌వే మాట దగ్గరికి వచ్చేసరికి చీఫ్ పైలట్ టేపు వెనక్కి తిప్పి ఇంకోసారి వినిపించుకున్నాడు, తెలుగు అర్థమవుతున్నట్టు. ఇంకోసారి అర్థం చెప్పమన్నాడు. చెప్పాను. చీఫ్ పైలట్ టేపు ఆపేశాడు.

"భోజనం అని ఎందుకన్నావు?" అని అడిగాడు అతన్ని.

"ఆవిడకి ఇద్దరు పిల్లలు," అన్నాడు.

ఆ సాయంత్రానికే తేలిపోయింది. నాకు మందలింపు కాయితం ఒకటి ఇచ్చారు, అడిగినప్పుడు నిజం చెప్పాను కనక అంతటితో సరి. అతని నిరాకరణని తప్పుగా లెక్కించలేదు. చీఫ్ పైలట్ పట్టుబట్టి దాన్ని కొట్టేయించాడు. ఉద్యోగం మాత్రం తీసేశారు, విచారణలో అబద్ధం చెప్పినందుకు. ఆ రూలు నాకు కంఠతా వచ్చు. అందులో మినహాయింపు లేదు.

పార్కింగ్‌లో మంచు కరిగి బురదగా ఉంది. అతను కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నేను కోపంగా ఉన్నాను.

"భోజనం ఏమిటి? ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"ఇంకేం చెప్పను అక్కయ్యా? అప్పటికప్పుడు అదే తోచింది. మీరు కూడా భోజనమే అంటే ఇద్దరం ఒడ్డున పడేవాళ్ళం."

"నేననను."

"తెలుసు."

"తెలిసి ఎందుకన్నావు?"

"అనకుండా ఎలా ఊరుకుంటాను? మీ గొంతు టేపు మీద ఉంది." నవ్వాడు. "రెండేళ్ళు మీతో గంటలు లెక్కపెట్టించుకున్నాను. ఆ మాత్రం తెలీదా నాకు?"

ఆ రోజు నేను టేపుకి తప్పు అర్థం చెప్పి ఉంటే అతను ఉద్యోగంలో ఉండేవాడని మావారు చాలా ఏళ్ళు అంటూ వచ్చారు. కావచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే రన్‌వే మాట ఎవరికీ వినబడేది కాదు, అతను నిరాకరణ కిందే పోయేవాడని నేనంటాను. ఇవాళ టేపు పెట్టి అడిగినా అదే అర్థం చెబుతాను. దాని వల్ల నాకు నిద్ర పట్టిందని మాత్రం చెప్పలేను. ఆ తర్వాతి పంపకంలో ఆఖరి లైన్ అతని వెనకవాడికి వెళ్ళింది. ఆ కుర్రాడికి ఫోన్ చేసి చెప్పవలసింది నేనే. చెప్పాను. వాడు సంతోషంతో కేక పెట్టాడు.

డాక్టరుగారికి అతనే వెళ్ళి చెప్పాడట, ఉద్యోగం పోయిందని. ఆయన ఏమన్నారో నాకు తెలియదు. ఆ అమ్మాయి పెళ్ళి మరుసటి ఏడు ఇంకొకరితో జరిగింది, మేం వెళ్ళాం.

ఎండాకాలానికి మా కంపెనీలో కొత్త రూలు గోడకి అంటించారు. రిజర్వు పైలట్‌కి రోజులో ఇన్ని గంటలు ఫోన్ చెయ్యకూడదు, ఆ గంటలే విశ్రాంతి. పిలిచి పంపేస్తే పిలిచినప్పటి నుంచి డ్యూటీ కింద లెక్క. ఇది అతని వల్ల వచ్చిందని నేను రాయను. అప్పటికి పైలట్లు యూనియన్ కోసం సంతకాలు పోగుచేస్తున్నారు, కంపెనీకి ఆ భయమూ ఉంది. నాకు తెలిసింది ఒక్కటే, ఆ కాయితం కింద చీఫ్ పైలట్ సంతకం ఉంది.

అతను పడమటికి వెళ్ళిపోయాడు. ఒక కంపెనీ మారితే పాత సర్వీసు లెక్కకి రాదు, కొత్తచోట మళ్ళీ ఆఖరివాడే. ఐదేళ్ళు ఏ కబురూ లేదు. 1989లో ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, మోంటానా నుంచి.

"అక్కయ్యా, స్కెడ్యూలింగేనా?"

"ఇల్లు. ఎక్కడున్నావు? ఏం చేస్తున్నావు?"

"సెలవులో ఉన్నాను. లైన్ వచ్చింది అక్కయ్యా. మొన్ననే."

ఇన్నాళ్ళకా అన్నాను. తర్వాత అడిగాను, ఉద్యోగం ఎలా ఇచ్చారని, పాత కంపెనీలో ఎందుకు తీసేశారని అడగలేదా అని.

"అడిగారు. అబద్ధం చెప్పినందుకు అన్నాను. వాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, నిజం చెప్పేవాడిలా ఉన్నాడని ఇచ్చేశారు."

పెళ్ళి మాట ఎత్తాను. అతను వినిపించుకోనట్టు, "మీకు నా నెలంతా చదువుతాను, వినండి," అన్నాడు. తారీకు తారీకునా చదివాడు. ఏ ఊరు, ఎన్నింటికి బయల్దేరడం, ఎన్నింటికి దిగడం, ఏ రోజు సెలవు. సెలవు దగ్గరికి వచ్చినప్పుడల్లా గొంతు కొంచెం సాగేది. నేను అడ్డు రాకుండా విన్నాను, కాని నా బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఆగు. పదకొండో తారీకు రాత్రి పదింటికి దిగుతున్నావు. పన్నెండు పొద్దున ఆరున్నరకి మళ్ళీ రిపోర్ట్ అన్నావు. మీ కంపెనీలో మధ్య విశ్రాంతి ఎంత ఉండాలి?"

"తొమ్మిది గంటలు. ఇక్కడ రూల్సు పుస్తకంగా అచ్చేశారు."

"ఎనిమిదిన్నరే ఉంది."

అవతల నవ్వు వినబడింది. "పట్టేశారు. నేను రాత్రే చూశాను. మీరు చూస్తారో లేదోనని చదివాను."

"వాళ్ళకి చెప్పావా?"

"లేదు."

"చెబితే ఈ లైన్ విడదీసి మళ్ళీ పంచుతారు. అప్పుడు ఆఖరివాడివి నువ్వే, నీకు మిగలకపోవచ్చు. తెలుసా?"

"తెలుసు."

"ఒక్క అరగంట."

ఈ మాట నేనన్నాను. నా నోటి నుంచి అలాంటి మాట అతను ఎన్నడూ విని ఉండడు. అతను లేచి నిలబడి ఉన్నాడని, అటూ ఇటూ నడుస్తున్నాడని అడుగుల చప్పుడు బట్టి తెలుస్తోంది.

"అక్కయ్యా, ఆఫీసు ఐదింటికి మూసేస్తారు," అన్నాడు. "వెళ్ళి చెప్పి వస్తాను."